లేసొచ్చి చూసుకో

మా నాయన పోయాడు. దినాలు కూడా అయిపోయాయి. పలకరించడానికి వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చుని, కండువాతో మొహం తుడుచుకుని, అందరూ ఒకటే మాట అని లేచిపోయారు. "పండు రాలినట్టు పోయినాడమ్మా. దేవుడు లాంటి మనిషి." ఒక పక్క చచ్చుబడి, నెలల తరబడి మంచాన పడి, వీపంతా పుండ్లు పడి పోయిన మనిషిని పండుతో పోలుస్తారా? ఆ పుండ్లు కడిగినదాన్ని నేను. ఇక దేవుడి సంగతి. సముద్రం మోత వినిపించినంత మేర మా నాయనంత తొండి మనిషి ఇంకొకడు లేడు. ఆయన బతికున్నప్పుడు ఈ మాట ఆయన మొహం మీదే అనేదాన్ని. పోయాడని ఇప్పుడు మాట మార్చుకుంటే అది నా తొండి అవుతుంది.

చదివేవాళ్ళు నొచ్చుకుంటే నొచ్చుకోండి. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అబద్ధాలకు అత్తరు పూసి రాసే పద్ధతి నాకు చేతకాదు.

మాది అల్లూరుకు తూర్పున, సరుగుడు తోటలకు ఇవతల ఉన్న చిన్న పల్లె. నాయనకు కాస్త మాగాణి ఉండేది. అందులో సగం చౌడు. ఏటా ఆ చౌడులో మొలగొలుకుల వరి పండించి చూపిస్తానని అరుగు మీద కూర్చుని ప్రగల్భాలు పలికేవాడు. ఏటా ఆ సగంలో తుంగ మొలిచేది. పొలం నుంచి వచ్చాడంటే ఆయన కంటే ముందు వాసన ఇంట్లోకి వచ్చేది. బురద, చెమట, పొగాకు. ఆకూ వక్కా పొగాకూ కలిపి దవడన పెట్టుకుని రోజంతా నమిలేవాడు. మాట్లాడితే ఎర్రటి తుంపర్లు పడేవి. మా ఇంటి వసారా గోడకు నిలువెత్తున సున్నం కొట్టించడం, నాయన ఊసిన మరకలు దాని మీద మళ్ళీ మొలవడం, అమ్మ తిట్టడం, ఇదీ మా ఇంటి సంవత్సరం. మనిషి చెడ్డవాడు కాదు. కానీ పక్కన కూర్చుంటే ఒళ్ళు జలదరించేది.

తొండి ఆయనకు ఊపిరి లాంటిది. సాయంత్రం పూట ఎదురింటి మామతో పేకాడేవాడు. ముక్కను తొడ కింద దాచేవాడు. మామ అది పట్టుకుని, పంచె దులుపుకుని లేచి, "థూ, నీతో ఆడేవాడికి సిగ్గుండదబ్బా" అని వెళ్ళిపోయేవాడు. మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే మామ, అదే అరుగు. పట్టుబడినందుకు నాయన ఒక్కసారైనా తల దించుకోవడం నేను చూడలేదు. "చూసుకోనోడిది తప్పు గానీ, నాదేంది?" అనేవాడు. ఆ మాట ఆయనకు గీత వాక్యం.

నయాపైసలు కొత్తగా వచ్చి, అణాలతో లెక్క కుదరక అంగళ్ళలో తగాదాలు పడుతున్న ఏడు నాకు జ్వరం వచ్చింది. అప్పటికి నేను రెండో తరగతి. జ్వరం తగ్గింది గానీ కుడికాలు పడిపోయింది. నాయన నన్ను బండిలో వేసుకుని అల్లూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు కాలును అటూ ఇటూ వంచి చూసి, "ఇంకా ప్రాణం ఉంది దీంట్లో. పని చెప్పాలి. పడుకోబెట్టారంటే పుల్లయిపోతుంది, ఇక జన్మలో నడవదు" అన్నాడు. అమ్మ బండిలో దారంతా ఏడ్చింది. నాయన ఎద్దుల్ని తిడుతూ తోలాడు.

పని చెప్పాలట. ఎవరు చెప్పాలి, దేనికి చెప్పాలి? ఆ కాలు నాది కాదు. చల్లగా, సన్నగా, నా నడుముకు ఎవరో కట్టిపోయినట్టు ఉండేది. దాన్ని చూస్తే నాకే రోత. అమ్మ నూనె రాసి మర్దనా చేసేది. నూనె వాసనకు వాంతి వచ్చేది. చంకల కింద చేతులు పెట్టి నిలబెట్టబోతే కెవ్వుమని అరిచి కింద పడిపోయేదాన్ని. పొద్దున్నే ఇరుగమ్మలూ పొరుగమ్మలూ వచ్చేవాళ్ళు. నా పక్కన కూర్చుని, నాలిక చప్పరిస్తూ, "అయ్యో, మగబిడ్డైనా కాదే, ఆడబిడ్డకి ఇట్టాయనే" అనేవాళ్ళు. వచ్చినప్పుడల్లా ఒకామె నా కాలును వేలితో గుచ్చి చూసేది, ఉడికిందో లేదో చూసినట్టు. నేను దుప్పటి మొహం మీదికి లాక్కునేదాన్ని. చాపలో పడుకునే అన్నీ జరిగిపోయేవి. మంచినీళ్ళు కావాలంటే అమ్మ, అన్నం కావాలంటే అమ్మ, చెంబు కావాలన్నా అమ్మే. బండలాంటి పిల్లనయ్యాను. నెల గడిచింది, కాలు ఇంకొంచెం సన్నబడింది. అమ్మ నన్ను ఎత్తుకుని పెరట్లోకి పోతూ ఒకరోజు నాయనతో అంది: "నేనున్నంత కాలం మోస్తా. నా తరవాత దీన్ని ఎవరు మోస్తారయ్యా?"

ఆ మధ్యాహ్నమే నాయన వసారాలో నా చాప పక్కన కూర్చుని, పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి నేల మీద అష్టాచెమ్మా గీశాడు.

ఈ ఆట తెలియనివాళ్ళు ఉండరనుకుంటాను, అయినా చెబుతాను. నాలుగు గవ్వలు వెయ్యాలి. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్ళు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. కాయలు చుట్టూ తిరిగి నడిమింట్లోకి చేరితే పండినట్టు. అన్ని కాయలూ ముందు ఎవరికి పండితే వాళ్ళు గెలిచినట్టు. నావి చింతగింజలు, ఆయనవి పెంకుముక్కలు. గవ్వలు మా సముద్రపు ఒడ్డున ఏరుకొచ్చినవే.

మొదటి పందెం నాయన వేశాడు. వేసే ముందు గవ్వల్ని గుప్పిట్లో పెట్టుకుని వాటి మీద తుపుక్కుమన్నాడు.

"ఛీ, ఏంది నాయనా!"

"ఎంగిలి తగిలితే మాట వింటాయి." చెయ్యి విదిలించాడు. గవ్వలు చాపకు ఆవల, నాకు కనబడని చోట పడ్డాయి. "అష్ట!" అన్నాడు, చూడకుండానే. తన కాయను ఎనిమిది గళ్ళు జరిపేశాడు.

"నాకు కనపళ్ళా. అష్ట కాదు."

"అష్టే."

"కాదు, తొండి!"

"తొండా? నేనా?" గుంజకు ఆనుకుని కాళ్ళు చాపాడు. "పొలంలో నడుం ఇరిగిపోయింది, నేను లెయ్యలేను. నమ్మకం లేకుంటే లేసొచ్చి చూసుకో."

లేవలేని పిల్లతో లేచొచ్చి చూసుకోమనే తండ్రిని మీరెక్కడైనా చూశారా? నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మను కేకేశాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసేలోపు ఆయన కాలి బొటనవేలితో గవ్వల్ని తిప్పేశాడు. నాలుగూ బోర్లా ఉన్నాయి. "చూస్తివా?" అన్నాడు, పళ్ళన్నీ ఎర్రగా కనబడేట్టు నవ్వుతూ. ఆ నవ్వంత అసహ్యమైనది నేను జన్మలో చూడలేదు.

రెండో పందానికి నేను అమ్మను పిలవలేదు. పిలిస్తే ఆ బొటనవేలు మళ్ళీ పని చేస్తుంది. చాప మీద నుంచి మోచేతుల మీద పాక్కుంటూ పోయాను. కాలు వెనకాల ఈడ్చుకుంటూ వచ్చింది. చూస్తే రెండు వెల్లకిలా, రెండు బోర్లా. "రెండే! రెండే!" అని అరిచాను. "అట్నా? నాకు అష్ట మాదిరి కనబడిందే" అని కాయ వెనక్కి జరుపుకున్నాడు. గెలిచినట్టు గవ్వలు గుప్పిట్లో పట్టుకుని వెనక్కి పాకి వచ్చాను. అవి తడిగా ఉన్నాయి. పావడాకు తుడిచి తుడిచి పెట్టాను.

అక్కణ్ణుంచి రోజూ అదే. పొలం నుంచి రావడం, బొగ్గుతో గళ్ళు దిద్దడం, తుపుక్కుమనడం, విసరడం. గవ్వలు ఒకరోజు గుంజ దగ్గర పడేవి, ఇంకోరోజు గడప దగ్గర. ఆయనకు తొండి మరీ ముదిరినప్పుడు మెట్ల మీద పడి ఇసుకలోకి దొర్లేవి. ఎక్కడ పడినా ఆయన నోట్లోంచి వచ్చేది అష్టే. ఎదురింటి మామ ఒకసారి అరుగు మీద నుంచి చూసి, "ఏమబ్బా, కాలు లేని బిడ్డ దగ్గర గూడానా?" అన్నాడు. అమ్మ అయితే గరిటె పట్టుకునే వచ్చింది. "సిగ్గుండాదా నీకు? పసిబిడ్డతో తొండేంది?"

"ఆటలో పసిబిడ్డేంది, ముసిలోడేంది?" అన్నాడు నాయన. "చూసుకోవాల. చూసుకుంటా ఉండాది గదా."

నిజమే, చూసుకుంటున్నాను. మోకాళ్ళ మీద పాకుతున్నాను. గుంజ పట్టుకుని పైకి లేచి, మెట్ల మీద గవ్వలు ఎలా పడ్డాయో తొంగి చూస్తున్నాను. అది నాకు తెలియలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే. ఈ మనిషిని నమ్మకూడదు. ఇంత రోత మనిషి చేతిలో ఓడిపోకూడదు.

ఒక మధ్యాహ్నం నావి మూడు కాయలు పండాయి. నాలుగోది నడిమింటికి ఒక్క గడి దూరంలో ఉంది. ఒకటి పడితే చాలు, గెలుపు నాది. గవ్వలు ఏరడానికి గడప దాకా పోయి వచ్చి చూస్తే గళ్ళలో నా చింతగింజ లేదు.

"నా కాయ ఏది?"

నాయన బుగ్గ ఒక పక్క ఉబ్బి ఉంది. పొగాకే అయుండొచ్చు. కానీ కళ్ళు నవ్వుతున్నాయి. నా కాయ. పండబోతున్న నా కాయ. ఆ ఎర్రటి ఉమ్ములో, ఆ పొగాకు ముద్దలో.

"నోరు తెరువు!"

తల అడ్డంగా ఊపాడు. నేను ఆయన మోకాలు పట్టుకున్నాను, భుజం పట్టుకున్నాను, ఇంకో చేత్తో చెవి పట్టుకుని లాగాను. ఆయన తల పైకెత్తాడు. దాని వెంట నేనూ లేచాను. గోడకు ఆనుకుని ఆయన కూడా మెల్లగా లేస్తున్నాడు, నోరు బిగించుకుని. నేను రెండు వేళ్ళతో దవడలు నొక్కుతున్నాను. ఎర్రటి ఊట పెదాల సందుల్లోంచి నా మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. వాంతి వస్తున్నా వదల్లేదు.

అప్పుడు అమ్మ చేటతో బియ్యం చెరుగుతూ అటు తిరిగింది. తిరిగి, చేట కింద పెట్టి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత ఏడుస్తూ అంది: "తెరవబాకయ్యా. నోరు తెరవబాకు. అట్నే ఉండు."

అమ్మ కూడా ఆయన పక్షం చేరింది! నాకు లోకం మీదే అసహ్యం వేసింది. "ఇల్లంతా తొండేనా!" అని గొంతు పగిలేలా అరిచాను. అరిచేటప్పుడు నేను రెండు కాళ్ళ మీదా నిలబడి ఉన్నానని అమ్మ చెబితే తెలిసింది. చెప్పగానే కూలబడిపోయాను. నాయన నోరు తెరిచి, చింతగింజను అరచేతిలోకి ఊసి, నా ముందు పెట్టాడు. "ఇంద. బతికే ఉండాది. పండించుకో."

నేను దాన్ని ముట్టుకోలేదు. అమ్మ వేరే గింజ తెచ్చిచ్చింది. నాయన అది చెల్లదన్నాడు. దాని మీద మళ్ళీ తగాదా.

కాలు పూర్తిగా రాలేదు. ఇప్పటికీ ఈడుస్తాను. కానీ బడికి నడిచే పోయాను. ట్రైనింగు చదివాను. గూడూరు దగ్గర బళ్ళో నిలబడే పాఠాలు చెబుతున్నాను. ఉద్యోగం వచ్చిన రోజు నాయనను సూటిగా అడిగాను: "అప్పుడు ఆ తొండంతా నన్ను నడిపించడానికే కదా?"

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "తొండేంది మే? నేనెప్పుడు చేసినాను తొండి? అష్టే పడింది."

పలకరించడానికి వచ్చినవాళ్ళు ఇదే కథను తేనెలో ముంచి నాకు తినిపించబోయారు. బిడ్డ కోసం అంత ఉపాయం పన్నాడట, ఎంత తెలివట, ఎంత ప్రేమట. నాకు చిరాకు వేస్తుంది. ఉపాయమైతే ఎదురింటి మామ దగ్గర ముక్కలెందుకు దాచాడు? మామ కాళ్ళు రెండూ శుభ్రంగానే ఉన్నాయి కదా. మా నాయన తొండి మనిషి. నాకు కాలు రావడానికి ఆయనలో ఉన్నది తొండి ఒక్కటే, అదే ఇచ్చాడు. ముద్దులూ మొక్కులూ నన్ను చాప మీద నుంచి కదిలించలేదు. నన్ను లేపింది రోత. దానికి నేను రుణపడి ఉన్నాను. దానికి తీపి పూయకండి.

పోయిన వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్కే పడిపోయింది. నేను సెలవు పెట్టి వచ్చాను. నోరు ఒక వైపుకు జారి, చొంగ కారుతూ ఉండేది. పక్కబట్టలు మార్చడం, ఒళ్ళు తుడవడం, అన్నీ నేనూ అమ్మా చేశాం. రోత పడలేదని అబద్ధం చెప్పను. ముక్కుకు కొంగు కట్టుకునే చేశాను. డాక్టరు మళ్ళీ అదే మాట అన్నాడు. చేతికి పని చెప్పాలి, లేకపోతే అంతే. నాయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం వద్దు, మాట వద్దు. బండలాంటి మనిషయ్యాడు.

మంచం పక్కన నేల మీద బొగ్గుతో గళ్ళు గీశాను. గవ్వలు గుప్పిట్లో పెట్టుకుని, అమ్మ చూస్తుండగా, తుపుక్కుమన్నాను. గడప దాకా విసిరాను. "అష్ట!" అన్నాను.

గోడ వైపున్న తల తిరిగింది. "తొ... తొండి" అన్నాడు, ఆ వంకర నోటితో.

"నమ్మకం లేకుంటే లేసొచ్చి చూసుకో."

ఆయన మెడ ఎత్తాడు. ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని, అంగుళం అంగుళం లేచి, గడప వైపు చూశాడు. "మూడు" అన్నాడు. మూడే. అమ్మ పక్క గదిలోకి పోయి తలుపేసుకుంది. కొన్నాళ్ళు అలా సాగింది. నేను విసిరేదాన్ని, ఆయన తిట్టేవాడు. ఒకసారి ఆయన పెంకుముక్కను నా బుగ్గన దాచుకున్నాను. మట్టి రుచి. చచ్చుబడిన ఆయన కుడిచేతి వేళ్ళు నా మొహం వైపు వచ్చాయి, ఇంత దూరం, అంతే. కానీ వచ్చాయి. ఇంకో నెలకు అరుగు మీద కూర్చోబెడతానని ఎదురింటి మామతో పందెం కూడా కాశాను.

తరవాత ఒకరోజు గవ్వలు దూరం పోలేదు. మంచం పక్కనే, ఆయన కళ్ళ ముందే పడ్డాయి. రెండు వెల్లకిలా, రెండు బోర్లా. అయినా కావాలనే "అష్ట!" అన్నాను. ఇంత పచ్చి తొండికి ఆయన లేచి కూర్చుంటాడనుకున్నాను.

నాయన గవ్వల వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"సరేలేమ్మా" అన్నాడు. "అష్టే. జరుపుకో."

"నాయనా, సరిగ్గా చూడు. రెండే."

"నువ్వు చెప్తుండావు గదా. జరుపుకో."

ఆ తరవాత ఏది చెబితే అదే ఒప్పుకున్నాడు. నా కాయలన్నీ వరసగా పండిపోయాయి. ఆయనతో ఆడిన ఆటల్లో నేను పూర్తిగా గెలిచింది అదొక్కటే. బతికినన్నాళ్ళూ ఆయన చేసిన రోత పనులన్నీ ఒక ఎత్తు, ఆ పూట నన్ను గెలవనివ్వడం ఒక ఎత్తు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా చేదు పట్టింది. గవ్వలు ఏరి మూకుడు కింద పెట్టేశాను. ఇక ఆయన లేవడని ఆ మాటతోనే తెలిసిపోయింది. ఆ వారం దాటలేదు.

ఎత్తుబడి నాడు, పాడె లేపే ముందు, నాయనను పందిట్లో పడుకోబెట్టారు. ఎవరో స్నానం చేయించి, పళ్ళు తోమి, నుదుటిన విబూది పెట్టారు. నోటి చుట్టూ మరక లేదు. గుర్తు పట్టలేకపోయాను. అయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నోట్లో నాలుగు బియ్యపు గింజలు వేసి, చూడలేక మొహం తిప్పుకుని పోతున్నారు. నేను గోడ వార కూర్చుని ఉన్నాను. "నువ్వు గూడా వెయ్యమ్మా, ఎత్తేస్తారు" అని ఎదురింటి మామ పిలిచాడు.

లేచాను. కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. బియ్యం గుప్పిట్లోనే ఉన్నాయి. రెండో చేతి రెండు వేళ్ళూ ఆయన దవడలకు ఆనించి నొక్కాను. ఈసారి బిగించలేదు. మెత్తగా తెరుచుకుంది.

"ఏం చేస్తా ఉండావు మే?" అన్నాడు మామ, కంగారుగా.

"చూసుకుంటా ఉండా" అన్నాను.

వంగి చూశాను. ఎడమ బుగ్గలో, కుడి బుగ్గలో, నాలిక కింద. తెల్లటి బియ్యపు గింజలు తప్ప ఏమీ లేవు.